ఒంటరి ప్లాటినం అయాన్ సాక్ష్యం

హైడ్రోజన్ సయనైడ్ పేరు వినగానే ప్రాణాంతకమైన విషమే గుర్తుకు వస్తుంది. అయితే కోళ్ళ దాణాలో కలిపే మెథియోనిన్, నైలాన్ దారం, యాక్రిలిక్ ప్లాస్టిక్ వంటి అనేక వస్తువుల తయారీకి అదే ముడిసరుకు. దానిని ఉత్పత్తి చేసే మార్గాలలో జర్మనీకి చెందిన డెగుస్సా సంస్థ పద్ధతి ఒకటి. ప్లాటినం పూత ఉన్న సిరామిక్ గొట్టాలగుండా మీథేన్, అమోనియా వాయువులను సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ వద్ద పంపితే హైడ్రోజన్ సయనైడ్, దానితోపాటు హైడ్రోజన్ వెలువడతాయి. అంటే కార్బన్‌కూ నైట్రోజన్‌కూ నడుమ అంతకుముందు లేని బంధం ఒకటి ఏర్పడిందన్నమాట. దానిని కట్టినది ప్లాటినమా, వేడిమా? ప్లాటినమే అయితే, ఇనుముకో బంగారానికో ఆ శక్తి ఎందుకు లేదు?

ఈ ప్రశ్నకు కర్మాగారపు గొట్టంలో జవాబు దొరకడం కష్టం. అక్కడ లోహపు ఉపరితలంపై కోట్లకొలది పరమాణువులు ఉంటాయి. అణువులు క్షణంలో అనేక రూపాలు మారతాయి. చివరికి చేతికందేది తుది ఫలితం మాత్రమే. అందువల్ల శాస్త్రజ్ఞులు తక్కిన సమస్తాన్నీ తొలగించి, ధనావేశం గల ఒక్క ప్లాటినం పరమాణువును శూన్యంలో నిలిపి పరిశీలించారు. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెల్ముట్ ష్వార్ట్జ్ బృందం 1998లో ఈ ప్రయోగ ఫలితాలను ప్రకటించింది.

ఇందుకు వాడిన పరికరం ఒక రకమైన మాస్ స్పెక్ట్రోమీటర్. బలమైన అయస్కాంత క్షేత్రంలో అయాన్లు వలయాకారంగా తిరుగుతాయి. ఒకే ఆవేశం ఉన్న అయాన్లలో తేలికవి క్షణానికి ఎక్కువ చుట్లు, బరువైనవి తక్కువ చుట్లు తిరుగుతాయి. ఆ చుట్ల లెక్కనుబట్టి ద్రవ్యరాశిని అతి సూక్ష్మంగా తెలుసుకోవచ్చు. వాయుపీడనం అత్యల్పం గనుక అయాన్‌కు మరొక అణువు ఎదురుపడడానికి సెకండ్లు పట్టవచ్చు. అందుచేత చర్యలోని ఒక్కొక్క మెట్టునూ విడిగా చూడడం సాధ్యమవుతుంది.

ఇక్కడి తర్కమంతా కూడికలు, తీసివేతలే. 195 ద్రవ్యరాశి గల ప్లాటినం అయాన్‌కు 16 గల మీథేన్ తగిలితే 209 వద్ద కొత్త అయాన్ కనబడుతుంది. లెక్కకు తగ్గిన 2 హైడ్రోజన్ అణువుగా వెళ్ళిపోయింది. ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు లోహాన్ని అంటిపెట్టుకున్నాయి. ఆ అయాన్‌కు 17 గల అమోనియా తగిలినప్పుడు రెండు దారులు తెరుచుకుంటాయి. ఒకదానిలో మళ్ళీ హైడ్రోజన్ అణువు పోయి 224 మిగులుతుంది. రెండవదానిలో 30 ద్రవ్యరాశి గల తేలికపాటి అయాన్ పుడుతుంది. ఒక హైడ్రోజన్‌ను తీసుకుని ప్లాటినం తటస్థంగా తప్పుకుంటుంది. ఆ 30లో ఉన్నవి కార్బన్, నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్లు. లోహం లేకుండానే కార్బన్, నైట్రోజన్ కలిసి ఉన్నాయి గనుక బంధం ఏర్పడిందనడానికి అదే సాక్ష్యం.

224 విషయం అంత తేలిక కాదు. ద్రవ్యరాశి పరమాణువుల సంఖ్యను చెబుతుందిగాని, వాటి అమరికను చెప్పదు. కార్బన్, అమోనియా విడివిడిగా లోహానికి అంటుకుని ఉన్నా తూకం అదే. ఆ అయాన్‌ను జడవాయువుతో ఢీకొట్టించి, అది ఏ ముక్కలుగా విరుగుతుందో చూసి, క్వాంటం గణనలతో పోల్చిన మీదటనే నిర్మాణాన్ని నిర్ధారించాలి.

మీథేన్‌ను హైడ్రోజన్‌గా, రెండు హైడ్రోజన్లున్న కార్బన్ ముక్కగా విడదీయడానికి మోల్‌కు దాదాపు 465 కిలోజౌళ్ళ శక్తి కావాలి. గది ఉష్ణోగ్రత వద్దనే చర్య జరగాలంటే లోహానికీ ఆ ముక్కకూ మధ్య బంధమే ఆ మొత్తాన్ని చెల్లించాలి. ఒంటరి ఇనుము అయాన్ అంత చెల్లించలేదు. ప్లాటినం కేంద్రకంలో 78 ప్రోటాన్లు ఉన్నందున లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగంలో సగాన్ని మించుతుంది. ఈ సాపేక్షతా ప్రభావం వెలుపలి కక్ష్యల పరిమాణాన్ని, శక్తిని మార్చి, కార్బన్‌తో బంధాన్ని బలపరుస్తుంది. అయితే బలమొక్కటే చాలదు. పొరుగునే ఉన్న బంగారపు అయాన్ మీథేన్‌ను కదిలించదు. టంగ్‌స్టన్ వంటివి కదిలించినా నైట్రోజన్‌తో జత కలపలేవు. పట్టుకోవడమూ, తగిన వేళకు విడిచిపెట్టడమూ రెండూ తెలిసినది ప్లాటినం.

రెండు ప్లాటినం పరమాణువులు జతగా ఉంటే మరింత సమర్థంగా పనిచేస్తాయని తోచవచ్చు. జరిగేది వేరు. ఆ జత కార్బన్‌పై మిగిలిన హైడ్రోజన్లను కూడా ఊడ్చివేసి, ఒట్టి కార్బన్‌ను తనకే అంటించుకుంటుంది. కర్మాగారాలలో ఉత్ప్రేరకాన్ని కప్పి పాడుచేసే మసికి అది తొలి మెట్టు వంటిది. రెండింటిలో ఒకదాని స్థానంలో బంగారాన్ని ఉంచితే కార్బన్, నైట్రోజన్ మళ్ళీ కలుస్తాయని అదే బృందం 2003లో చూపింది. ఒంటరిగా ఏమీ చేయలేని బంగారం ఇక్కడ ప్లాటినం దూకుడుకు కళ్ళెం వేస్తుంది.

శూన్యంలోని అయాన్ కర్మాగారపు గొట్టానికి నకలు కాదు. అక్కడి లోహానికి ఈ ఆవేశం లేదు. ఇక్కడ ఆ వేడిమీ, ఆ విశాలమైన ఉపరితలమూ లేవు. ఎంత సరుకు వస్తుందో, ఉత్ప్రేరకం ఎన్నాళ్ళు నిలుస్తుందో ఈ ప్రయోగం చెప్పలేదు. ఏ బంధం ఎప్పుడు తెగి, ఏది ఎప్పుడు ముడిపడుతుందో మాత్రం చెప్పగలదు. మసి పట్టని ఉత్ప్రేరకాన్ని వెదికేవారికి ఎక్కడ వెదకాలో తెలిపే తొలి గుర్తు అదే.