నా గోధుమలు... ఎవరికి అమ్మాలి?

పండించిన రైతు తన గింజల్ని తనకు నచ్చినవాళ్లకు అమ్ముకోవాలా? లేక రైతులంతా కలిసి ఒకేచోట అమ్మాలా? కెనడా రైతులు ఈ ప్రశ్న మీద దశాబ్దాలపాటు వాదించుకున్నారు. కోర్టులకెక్కారు. కొందరు జైలుకూ వెళ్లారు.

అది 2002 అక్టోబరు 31. కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రం, లెత్‌బ్రిడ్జ్ పట్టణం. 13 మంది రైతులు జైలుకు బయల్దేరారు. వాళ్లు దొంగతనం చేయలేదు. ఎవరితోనూ కొట్లాడలేదు. తమ పొలంలో పండిన గోధుమల్ని లైసెన్సు లేకుండా సరిహద్దు దాటించి అమెరికాకు తీసుకెళ్లారు. అదే వాళ్ల నేరం! వారిలో ఒకాయన తీసుకెళ్లింది ఒకే ఒక్క బుషెల్. అంటే సుమారు 27 కిలోలు. పోనీ, వాటిని అమ్ముకున్నాడా అంటే అదీ లేదు. అక్కడి పిల్లల సంఘానికి విరాళంగా ఇచ్చాడు. జరిమానా కడితే కేసు అక్కడితో తేలిపోయేదే. కానీ వాళ్లు కట్టబోమన్నారు. జైలుకే వెళ్తామన్నారు.

సరిగ్గా పద్దెనిమిదేళ్ల తర్వాత, 2020 చివర్లో మన ఢిల్లీ సరిహద్దుల్లో వేలమంది రైతులు ట్రాక్టర్లతో బైఠాయించారు. మార్కెట్‌ను బార్లా తెరిచే చట్టాలు తమకు వద్దన్నారు. అక్కడ స్వేచ్ఛ కావాలని జైలుకెళ్లిన రైతు, ఇక్కడ ఆ స్వేచ్ఛే వద్దని చలిలో కూర్చున్న రైతు! ఇద్దరిలో ఎవరిది తప్పు? కెనడా కథ పూర్తిగా తెలిస్తే ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పలేం.

కష్టంలో పుట్టింది

1932 డిసెంబరులో కెనడాలో బుషెల్ గోధుమల ధర 40 సెంట్లకన్నా దిగువకు పడిపోయింది. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. దానికితోడు పొలాల్లో కరవు. అంతకు పదేళ్ల ముందు రైతులే కూడబలుక్కుని పెట్టుకున్న సహకార అమ్మకం సంఘాలు కూడా ఆ దెబ్బకు కుదేలయ్యాయి. అప్పుడు, 1935లో పార్లమెంటు చట్టంతో కెనడా గోధుమ బోర్డు ఏర్పాటైంది. విన్నిపెగ్ నగరం దాని కేంద్రం.

మొదట్లో బలవంతం లేదు. ఇష్టమున్నవాళ్లు బోర్డుకు అమ్మొచ్చు, లేనివాళ్లు బయట అమ్ముకోవచ్చు. మరి ఏం జరిగింది? బయట ధర బాగుంటే రైతులు బయటే అమ్ముకున్నారు. ధర పడిపోతే బోర్డు గుమ్మం ముందుకొచ్చారు. లాభం వచ్చినప్పుడు వ్యాపారిది, నష్టం వచ్చినప్పుడు బోర్డుది అన్నట్టు తయారైంది. ఈ అనుభవాన్ని బోర్డు అభిమానులు ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు.

1943లో నిబంధన మారింది. గోధుమలు బోర్డుకే అమ్మాలి, మరో దారి లేదు. విచిత్రం ఏంటంటే... ఈ నిర్బంధం పెట్టింది రైతుకు ఎక్కువ ధర ఇప్పించడానికి కాదు. యుద్ధకాలంలో గోధుమల ధర పెరిగిపోకుండా చూడటానికి! యుద్ధం ముగిసింది, నిబంధన మాత్రం ఉండిపోయింది. 1949లో ఓట్లు, బార్లీ కూడా దాని కిందికి వచ్చాయి.

అందరికీ ఒకే ధర

మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బెర్టా రాష్ట్రాలతో పాటు బ్రిటిష్ కొలంబియాలోని కొంత ప్రాంతం బోర్డు పరిధిలోకి వచ్చేవి. పద్ధతి చాలా తేలిక. రైతు ధాన్యం తోలగానే మొదటి విడత డబ్బు ఇస్తారు. దానికి ప్రభుత్వం పూచీ. బోర్డు ఆ గోధుమల్ని ఏడాది పొడవునా దేశదేశాలకు అమ్ముతుంది. వచ్చిన సొమ్మంతా ఒకేచోట కలుపుతుంది. ఖర్చులు పోను మిగిలినదాన్ని ఆఖరి విడతగా పంచుతుంది. ఆగస్టు నుంచి జులై దాకా ఎప్పుడు తోలినా సరే, ఒకే రకానికి బోర్డు దగ్గర ఒకే లెక్క.

అప్పుల తొందరలో కోత కాగానే అమ్ముకున్న రైతుకైనా, గోదాములో దాచి వేసవిలో తోలిన రైతుకైనా తేడా రాదు. కల్లంలోనే పంట తెగనమ్ముకున్న బాధ ఎరిగిన మన రైతుకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పైగా వేలమంది రైతుల తరఫున అమ్మేది ఒక్కరే కాబట్టి, కొనే దేశాలు ఒక రైతు మీద మరో రైతును పోటీకి పెట్టి ధర తగ్గించలేవు. బోర్డును కోరుకునేవారి వాదనంతా ఇదే.

కంచె అవతలివాడి మాట

మరి కాదన్నవాళ్లు ఏమన్నారు? ‘విత్తనం నాది, అప్పు నాది, చెమట నాది. అమ్మే హక్కు మాత్రం నాది కాదా?’ అన్నారు. అమెరికా సరిహద్దు పక్కనే ఉన్న రైతుకు అవతలి ఊళ్లో ధర కళ్లముందే కనిపిస్తుంది. కొన్నిసార్లు అక్కడ ఎక్కువ పలుకుతుంది. అయినా లారీ కదలడానికి వీల్లేదు. తూర్పున ఒంటారియో రైతు ఈ బోర్డు కింద లేడు. మరి పశ్చిమ రైతుకే ఎందుకీ కట్టడి? వాళ్లు చూపించిన మరో ఉదాహరణ కనోలా. ఆవాల జాతికి చెందిన ఈ నూనెగింజ ఏనాడూ బోర్డు చేతిలో లేదు. దాన్ని రైతులు సొంతంగానే అమ్ముకుంటున్నారు. సాగు పెరుగుతూనే వచ్చింది. ‘కనోలా అమ్మడం వచ్చినవాడికి గోధుమలు అమ్మడం రాదా?’ అన్నది వాళ్ల ప్రశ్న.

దీనికి మధ్యేమార్గం లేదా? బోర్డును ఉంచి, ఇష్టమైనవాళ్లకే పరిమితం చేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. ‘సగం తలుపు తీస్తే మొత్తం తీసినట్టే’ అని బోర్డు అభిమానులు జవాబిచ్చారు. అందరూ అమ్మగలిగినప్పుడు బోర్డు కూడా పదిమందిలో ఒక వ్యాపారి అయిపోతుంది. బేరమాడే బలం ఉండదు. 1935 నాటి అనుభవాన్నే వాళ్లు మళ్లీ గుర్తుచేశారు.

ఓటు వేస్తే తేలిందా?

రైతుల్నే అడిగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అడిగారు. 1997లో బార్లీ మీద ఓటింగ్ పెడితే దాదాపు 63 శాతం బోర్డు వైపే నిలిచారు. ఆ మరుసటి ఏడాది చట్టం మార్చారు. 15 మంది డైరెక్టర్లలో 10 మందిని రైతులే ఎన్నుకునే ఏర్పాటు వచ్చింది.

2007లో స్టీఫెన్ హార్పర్ ప్రభుత్వం బార్లీపై మళ్లీ ఓటింగ్ పెట్టింది. ఈసారి జవాబులు రెండు కాదు, మూడు. బోర్డే ఉండాలన్నవారు 38 శాతం. బోర్డుకైనా బయటైనా అమ్ముకునే వీలు కావాలన్నవారు 48 శాతం. బోర్డు వద్దే వద్దన్నవారు 14 శాతం. చివరి రెండూ కలిపి 62 శాతం మార్పు కోరారని ప్రభుత్వం ప్రకటించింది. మధ్యలో ఉన్న జవాబు ఆచరణలో సాధ్యం కానిదని, దాన్ని కలిపి ఎలా లెక్కిస్తారని అవతలివాళ్లు మండిపడ్డారు. పార్లమెంటుతో పనిలేకుండా మార్పు తెచ్చే ప్రయత్నానికి కోర్టు అడ్డుపడింది.

2011లో బోర్డే సొంతంగా ఓటింగ్ నిర్వహించింది. ఈసారి మధ్యేమార్గం లేదు. గోధుమల విషయంలో 62 శాతం, బార్లీ విషయంలో 51 శాతం పాత పద్ధతే కావాలన్నారు. ప్రభుత్వం ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులో కొత్త చట్టం తెచ్చేసింది. రైతుల్ని అడగకుండా బిల్లు పెట్టడం తప్పని ఫెడరల్ కోర్టు అన్నా, పై కోర్టులో ఆ తీర్పు నిలవలేదు. 62 శాతం అటూ వచ్చింది, ఇటూ వచ్చింది. ప్రశ్న ఎలా అడిగితే జవాబు అలా వచ్చిందన్నమాట!

తలుపు తెరిచాక...

2012 ఆగస్టు 1న నిర్బంధం ముగిసింది. అదేరోజు సస్కాచెవాన్‌లోని కిండర్స్‌లీలో ప్రధాని హార్పర్, సరిహద్దు దాటిన కేసుల్లో శిక్షపడిన రైతులకు క్షమాభిక్ష ప్రకటించారు.

మరుసటి ఏడాదే రికార్డు పంట పండింది. దానికి కఠినమైన చలికాలం తోడైంది. రైళ్లు కదల్లేదు. ధాన్యం పొలాల్లోనే గుట్టలుగా ఉండిపోయింది. 2014 మార్చిలో ప్రభుత్వం కలగజేసుకుని, రెండు పెద్ద రైల్వే కంపెనీలు వారానికి చెరో 5 లక్షల టన్నులు తరలించాల్సిందేనని ఆదేశించాల్సి వచ్చింది. బోర్డు ఉంటే ఈ గతి పట్టేదా అని ఒకరు. పంట అంత వస్తే బోర్డు మాత్రం ఏం చేసేదని మరొకరు. 2015లో బోర్డులో సగానికి పైగా వాటా బంగీ కంపెనీ, సౌదీ అరేబియా పెట్టుబడి సంస్థ కలిసి పెట్టిన ‘జీ3’ చేతికి వెళ్లింది. రైతుల కష్టంలో పుట్టిన సంస్థ కథ అలా ముగిసింది.

మన మాట

‘లెవీ’ అనే మాట మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. యుద్ధకాలంలో నిజాం సర్కారు తెలంగాణ పల్లెల్లో వసూలు చేసిన లెవీ ధాన్యం జనాన్ని ఎంత మండించిందో చరిత్ర చెబుతుంది. తర్వాతి కాలంలో లెవీ రైతు మీద కాక మిల్లుల మీద పడింది. ఆడించిన బియ్యంలో నిర్ణీత వాటా ప్రభుత్వానికి ఇవ్వాలన్న ఆ పద్ధతి 2015లో ఆగిపోయింది. 2020 నాటి మూడు సాగు చట్టాలను కేంద్రం 2021 నవంబరులో వెనక్కి తీసుకుంది. అంటే నిర్బంధం మీద కోపమూ మనకు తెలుసు, మార్కెట్ మీద భయమూ మనకు తెలుసు.

ధర పెరిగిన ఏడాది ప్రతి రైతుకూ సొంతంగా అమ్ముకోవాలనే ఉంటుంది. ధర పడిపోయిన ఏడాది పక్కన ఇంకొకరు ఉంటే బాగుండుననిపిస్తుంది. కెనడాలో కంచెకు ఇటున్న రైతూ అటున్న రైతూ ఈ రెండు రకాల సంవత్సరాల్నీ చూసినవాళ్లే. ఒకరికి మంచి ఏడాది గుర్తుండిపోయింది. మరొకరికి చెడ్డ ఏడాది. బోర్డు పోయినా ఆ వాదన పోకపోవడానికి కారణం బహుశా అదే.