ఢిల్లీ – టోక్యో: దూరమొకటే, కాలములు రెండు

ఒక చిన్న లెక్కతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తున్నాము. ఒక విమానం రాత్రి 8 గంటలకు ఢిల్లీ విడిచి మరునాడు ఉదయం 7 గంటలకు టోక్యోలో దిగిందనుకొందాం. అది తిరిగి ఉదయం 11 గంటలకు టోక్యో విడిచి, ఆ సాయంత్రమే 5 గంటలకు ఢిల్లీ చేరిందనుకొందాం. ఆయా నగరాల గడియారాలను నమ్మినచో పోవుటకు 11 గంటలు, వచ్చుటకు 6 గంటలు పట్టినట్లు తోస్తుంది. వాస్తవం దీనికి విరుద్ధము. జపాన్ కాలమానం మన కాలమానం కంటె మూడున్నర గంటలు ముందున్నది. ఆ భేదాన్ని సరిచేసినచో పోవుటకు ఏడున్నర గంటలు, వచ్చుటకు తొమ్మిదిన్నర గంటలు అని తేలుతుంది. నేరుగా పోయే విమానాలకు ఇంచుమించు ఇంత కాలమే పడుతుంది.

ఇక దూరం సంగతి. గోళముపై ఈ రెండు నగరాలను ఒక దారంతో బిగించి కలిపితే ఏర్పడే హ్రస్వతమ మార్గం సుమారు 5,840 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగముతో ఆరున్నర గంటల ప్రయాణమది. కాని ఆ దారం హిమాలయాల మీదుగా, టిబెట్ పీఠభూమి మీదుగా సాగుతుంది. విమానంలో గాలి పీడనం తగ్గిపోయినచో సుమారు 3,000 మీటర్ల ఎత్తునకు వెంటనే దిగవలసి ఉంటుంది. టిబెట్ నేలయే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది! అందువల్ల విమానాలు సాధారణంగా ఆ ప్రాంతాన్ని తప్పించి, కొంత చుట్టు తిరిగి పోతాయి. ఎక్కుటకు, దిగుటకు పట్టే కాలం కూడ దీనికి తోడవుతుంది.

మరి పోకకు, రాకకు రెండు గంటల తేడా ఎందుకు? భూభ్రమణమే కారణమని కొందరు భావిస్తారు. అది పొరపాటు. వాతావరణం కూడ భూమితోపాటే తిరుగుతున్నది. అసలు కారణం గాలి. ఉష్ణమండలానికి, ధ్రువప్రాంతానికి గల ఉష్ణోగ్రతా భేదం వల్ల, భూభ్రమణ ప్రభావం వల్ల, సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు ఒక మహాప్రవాహం వీస్తుంది. దీనినే జెట్ ప్రవాహమంటారు. శీతకాలంలో జపాన్‌పై దీని వేగం గంటకు 300 కిలోమీటర్లను మించుట కద్దు. పోవునప్పుడు ఇది విమానాన్ని వెనుకనుండి నెట్టుతుంది. వచ్చునప్పుడు ఎదురు నిలుస్తుంది. వేసవిలో ఇది బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది కనుక తేడా కూడ తగ్గుతుంది.

ఈ గాలిని గురించిన చరిత్ర ఆలోచింపదగినది. జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి తతెనో పరిశోధనశాలనుండి బెలూన్లను ఎగురవేసి, 1924లోనే ఈ ఉధృతమైన పై గాలులను కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో తన ఫలితాలను ఎస్పెరాంటో అనే కల్పిత భాషలో ప్రకటించాడు. ఆ భాష తెలిసినవారు స్వల్పము. ఆయన కృషి విదేశాలలో దాదాపు ఎవరి దృష్టికీ రాలేదు. 1944లో జపాన్‌పైకి వచ్చిన అమెరికా బాంబర్లు ఆ గాలిలో చిక్కి గురి తప్పాయి.

సత్యాన్ని కనుగొనుట ఒక పని. దానిని పదిమందికి తెలిసిన మాటలలో చేర్చుట మరొక పని. రెండు భాషల నీడన చదువుకొంటున్న మనకు ఈ రెండవ పని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఒక భాషలో నేర్చినదానిని రెండవ భాషలోని మిత్రునకు వివరించగలిగిననాడే మన చదువు సార్థకమవుతుందని మా విశ్వాసము.