దూరం పెరిగినా.. గంటలు తగ్గాయి!
ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరి దారిలో దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. కానీ ఎయిర్ ఇండియా విమానం ఒకప్పుడు అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కి.మీ. వెళ్లేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మళ్లిస్తే అది 15,300 కి.మీ. అయింది. అయినా రెండు గంటల దాకా సమయం కలిసొచ్చి, విమానం 14.5 గంటల్లోనే చేరింది.

కారణం గాలి. బాగా ఎత్తులో జెట్ స్ట్రీమ్ గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. అట్లాంటిక్ దారిలో అవి విమానానికి ఎదురుగాలి. పసిఫిక్ దారిలో అవే వెనక నుంచి తోస్తాయి.

గగనతల ఆంక్షలూ ప్రయాణ సమయాన్ని మార్చేస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేయడంతో, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం యూరప్‌లో ఆగాల్సి వచ్చింది. అందుకే టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు కాదు, మొత్తం ప్రయాణ సమయం చూసుకోవాలి.