నొప్పి యంత్రం నడకకు పనికొచ్చిన వైనం

బడి పుస్తకాల్లో వెన్నుపాము ఒట్టి తీగ. మెదడు ఆజ్ఞ పంపుతుంది, తీగ దాన్ని కండరానికి చేరవేస్తుంది, తీగ తెగితే కాలు పడిపోతుంది. అదే నిజమైతే, దెబ్బ తగిలిన చోటికి దిగువన కాస్త కరెంటు పెట్టినంత మాత్రాన, ఏళ్లుగా కదలని కాలు మనిషి అనుకున్నప్పుడే కదలకూడదు. కానీ కదిలింది. కదలాలన్న నిర్ణయం మెదడుదే అయినా, ఏ కండరం ముందు, ఏది తర్వాత అన్న లెక్క చాలామటుకు వెన్నుపామే తేల్చుకుంటుందని ఆ పని చేసిన యంత్రం చరిత్ర చెబుతుంది.

ఆ యంత్రం కాళ్ల కోసం పుట్టలేదు. స్పర్శను మోసే నాడులు చురుగ్గా ఉంటే నొప్పి సంకేతాలకు వెన్నుపాములోనే అడ్డుకట్ట పడుతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. దాన్ని నమ్మి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో నార్మన్ షీలీ అనే వైద్యుడు 1967లో ఒక క్యాన్సర్ రోగి వెన్నుపాముపై ఎలక్ట్రోడ్ అమర్చాడు. 1973లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ జబ్బు ఉన్న రోగులకు ఇదే పరికరం వాడిన కుక్, వైన్‌స్టీన్‌లకు నొప్పితో పాటు కదలికలోనూ మార్పు కనిపించింది. దీనికి వివరణ అంతకు చాలా ముందే దొరికింది. వెన్నుపాము కోసేసి, కాళ్ల నుంచి వచ్చే స్పర్శ నాడుల్ని కూడా తెంపేసినా, పిల్లి కాళ్ల కండరాలు నడకలో లాగా ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటాయని గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రవేత్త 1911లోనే చూపించాడు. అంటే నడక లయకు కావలసిన ఏర్పాటు వెన్నుపాములోనే ఉంది.

మనిషిలో దీనికి గట్టి రుజువు లూయీవిల్ విశ్వవిద్యాలయంలో దొరికింది. కారు ప్రమాదంలో కాళ్లు పడిపోయిన ఒక యువకుడికి 2009లో, నొప్పి కోసం తయారైన 16 ఎలక్ట్రోడ్ల పరికరాన్నే నడుము దగ్గరి వెన్నుపాముపై అమర్చారు. కాలి కండరాల విద్యుత్తును కొలుస్తూ, పడుకున్న మనిషిని బొటనవేలు కదపమన్నారు. కరెంటు ఆపేస్తే ఎంత ప్రయత్నించినా కదలిక లేదు. పెట్టాక కదపమంటే వేలు కదిలింది, చాలంటే ఆగింది. 2011లో లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాన్ని ప్రచురించింది. 2014 నాటికి అలాంటివారు నలుగురయ్యారు.

కాళ్లను కరెంటే ఆడిస్తోందని అనుమానం రావచ్చు. అలాగైతే చెప్పినప్పుడు కదిలి, వద్దన్నప్పుడు ఆగడం కుదరదు. పైగా ఆ కరెంటు ముందుగా తాకేది కండరాల నుంచి వెన్నుపాముకు కబుర్లు తెచ్చే నాడులను. వెన్నుపాము కణాలు స్పందించే స్థాయికి అలా చేరువవుతాయి, ఆపైన అందే బలహీనమైన ఆజ్ఞ కూడా చాలుతుంది. అసలు ఆజ్ఞ ఎలా చేరిందన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. పరీక్షలో పూర్తిగా తెగినట్టు తేలిన వెన్నుపాములో కూడా కొన్ని పోగులు మిగిలి ఉండవచ్చు. ఆ మాట ఒప్పుకోవలసిందే, దానితో వాదం బలపడుతుంది కూడా. ఆ కాసిని పోగులు ప్రతి కండరానికీ విడివిడిగా ఆదేశాలు మోయగలవని ఊహించడం కష్టం. వివరాలు దిగువన పూరించేవారు ఉంటేనే క్లుప్తమైన కబురు పనిచేస్తుంది. పిల్లిలో జరిగిందంతా మనిషికి వర్తించదన్నదీ నిజమే. సూదిలో దారం ఎక్కించే వేళ్లపై మెదడు పెత్తనం చాలా ఎక్కువ. ఈ వాదం నిలబడేది నడక, నిలబడటం వంటి పనుల్లోనే.

తర్వాతి అడుగులు వెన్నుపాము తీరును గౌరవించినందువల్లే పడ్డాయి. ఎడతెరిపి లేని కరెంటు, కాలు ఎక్కడుందో చెప్పే సంకేతాలను మనిషిలో చెరిపేస్తోందని స్విట్జర్లాండ్‌లోని లొసాన్ బృందం 2018లో గుర్తించింది. అడుగు వేసే వేళకు తగ్గట్టు, కావలసిన చోటే విడతలుగా ఇస్తే నడక మెరుగైంది. 2023లో అదే బృందం ఒక రోగి మెదడుపై రెండు వైపులా 64 చొప్పున ఎలక్ట్రోడ్లు పెట్టి, నడవాలన్న ఉద్దేశాన్ని కంప్యూటర్ ద్వారా వెన్నుపాము పరికరానికి అందించింది. అతను మెట్లు కూడా ఎక్కాడు. సాధన సాగాక, మెదడుకూ వెన్నుపాముకూ మధ్య కంప్యూటర్ వేసిన ఆ వంతెనను ఆపేసినా ఊతకర్రలతో నడవగలిగాడు. ఇదంతా కొద్దిమందిలో, నెలల తరబడి శిక్షణతో వచ్చిన ఫలితమే తప్ప రోగం నయం కావడం కాదు. అయితే ఆ శిక్షణ అవసరం కావడమే అసలు సంగతి చెబుతుంది. తీగకు సాధనతో పనిలేదు, అది నేర్చుకోదు. కాబట్టి కాళ్లు పడిపోయిన మనిషికి వ్యాయామం చేయించడమంటే కండరాలు కరిగిపోకుండా చూడటం ఒక్కటే కాదు, మిగిలిన వెన్నుపాముకు పాఠం చెప్పడం కూడా.