ఒక అక్షరం, పలు విలువలు

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వేతో పుట్టి, రైల్వేతో పెరిగిన పట్టణం. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ కూడలిని నిర్మించింది. అనంతరం పెద్ద కర్మాగారం వెలసింది. ఉపాధికై ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. రాష్ట్ర మాధ్యమిక పరీక్షలో తెలుగును ప్రథమ భాషగా తీసుకొనే వీలు కలదు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించడానికి నిర్ణయించింది.

ఇట్టి పట్టణంలో విద్యార్థుల చేతికి వచ్చే మార్కుల పత్రాలు ఒకే రకానివి కావు. కొందరు రాష్ట్ర బోర్డు పాఠశాలల్లోను, కొందరు కేంద్రీయ విద్యాలయాల్లోను చదువుతారు. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ప్రారంభమైన ఐ.ఐ.టి. కూడా ఇక్కడే ఉన్నది. ఈ మూడు చోట్లా గ్రేడ్లు ఉన్నాయి, కాని ఆ గ్రేడ్ల విలువ మాత్రం ఒకటి కాదు. విద్యార్థి ఆంధ్రప్రదేశ్‌కో, విదేశానికో పై చదువులకు వెళ్ళినపుడు ఈ తేడా అతని ప్రవేశాన్నే నిర్ణయించవచ్చు.

అక్షరం వెనుక అంకెలు

మాధ్యమిక పరీక్షలో 90 నుండి 100 వరకు మార్కులకు ‘ఏఏ’, 80 నుండి 89 వరకు ‘ఏ ప్లస్’, 60 నుండి 79 వరకు ‘ఏ’, 45 నుండి 59 వరకు ‘బి ప్లస్’, 35 నుండి 44 వరకు ‘బి’, 25 నుండి 34 వరకు ‘సి’ గ్రేడు ఇస్తారు. 25కు తక్కువైతే ‘డి’, అనగా అనుత్తీర్ణత. ఇందులో ‘ఏ’ గ్రేడు పరిధి ఎంత విశాలమైనదో గమనింపదగినది. ఏడు విషయాల్లోనూ ‘ఏ’ పొందిన విద్యార్థికి మొత్తం 700కు 420 మార్కులు ఉండవచ్చు, 553 మార్కులూ ఉండవచ్చు. అక్షరాన్ని మాత్రమే చూచేవారికి ఈ 133 మార్కుల అంతరం కనిపించదు.

కేంద్ర మాధ్యమిక విద్యా మండలి 2010 నుండి 2017 వరకు పదవ తరగతిలో పది పాయింట్ల పద్ధతి పాటించింది. 91 నుండి 100 వరకు ‘ఏ1’, దానికి 10 పాయింట్లు. అక్కడి నుండి సుమారు పది మార్కులకు ఒక పాయింటు చొప్పున తగ్గేది. ఈ కొలతకు మార్చితే మాధ్యమిక ‘ఏ’ గ్రేడులో 60 మార్కులకు 6 పాయింట్లు, 79 మార్కులకు 8 పాయింట్లు వస్తాయి. 2018 నుండి ఆ మండలి మార్కులకు తిరిగి వచ్చింది. నేడు అక్కడ ‘ఏ1’ అనగా నిర్ణీత మార్కులు కావు, ఆ విషయంలో ఉత్తీర్ణులైనవారి వరుసలో మొదటి ఎనిమిదవ వంతులో స్థానం. పేరు మారలేదు, అర్థం మారింది.

సగటు లెక్కించే విధానం

గ్రేడ్ పాయింట్ సగటులో ప్రతి గ్రేడుకు ఒక పాయింటు విలువ, ప్రతి విషయానికి ఒక భారం ఉంటాయి. ఆ భారాన్నే క్రెడిట్ అంటారు. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్‌లో అత్యుత్తమ గ్రేడుకు 10 పాయింట్లు, ‘ఏ’కు 9, ‘బి’కి 8, ‘సి’కి 7. నాలుగు క్రెడిట్ల విషయంలో ‘ఏ’, మూడు క్రెడిట్ల విషయంలో ‘సి’, రెండు క్రెడిట్ల విషయంలో అత్యుత్తమ గ్రేడు వచ్చినదనుకొందాం. 36, 21, 20 కలిపితే 77. దానిని మొత్తం 9 క్రెడిట్లచే భాగించగా సగటు 8.56. క్రెడిట్లను విస్మరించి 9, 7, 10ల సగటు తీస్తే 8.67 వస్తుంది. ఇది సరియైన సగటు కాదు.

సగటును శాతంగా మార్చుటకు కేంద్ర మండలి 9.5 గుణకాన్ని సూచించింది. 8 పాయింట్లకు 76 శాతం అన్నమాట. ‘ఏ1’ పొందినవారి సగటు మార్కులు సుమారు 95 ఉండుటయే ఈ గుణకానికి ఆధారం. కనుక అది ఆ పరీక్షకు, ఆ సంవత్సరాలకు చెందినది. మరొక సంస్థ సగటును దానితో హెచ్చించుటకు ఆధారం లేదు.

సరిహద్దు దాటినపుడు

అమెరికాలో సాధారణంగా ‘ఏ’కు 4, ‘బి’కి 3, ‘సి’కి 2 పాయింట్లు. శాతాన్ని 25చే భాగిస్తే సరిపోతుందని కొందరు భావిస్తారు. అట్లు చేస్తే మాధ్యమికలో 70 మార్కులకు 2.8 వస్తుంది. ఆ బోర్డు ‘చాలా బాగు’ అని ప్రశంసించిన ఫలితం ‘బి’ కంటె తక్కువకు దిగజారుతుంది. తప్పు గుణకారంలో లేదు. పరీక్ష ఎంత ఉదారంగా, ఎంత కఠినంగా మార్కులు ఇస్తుందో పట్టించుకొనకపోవుటలో ఉన్నది.

జర్మనీలో వాడే సవరించిన బవేరియా సూత్రం ఉత్తీర్ణత రేఖను కూడా లెక్కలోనికి తీసుకొంటుంది. గరిష్ఠ మార్కుల నుండి పొందిన మార్కులను తీసివేయాలి. దానిని గరిష్ఠ, కనిష్ఠ ఉత్తీర్ణతా మార్కుల భేదంచే భాగించి, 3చే హెచ్చించి, 1 కలపాలి. అక్కడ 1 ఉత్తమం, 4 ఉత్తీర్ణతకు చివరి మెట్టు. 70 మార్కులకు, ఉత్తీర్ణత రేఖ 25 అయితే 2.2, ఆంధ్రప్రదేశ్ పదవ తరగతిలో వలె 35 అయితే 2.38 వస్తుంది. ఈ సూత్రం కూడా ప్రశ్నపత్రం కాఠిన్యాన్ని కొలవదు. అయినను అక్షరానికి అక్షరం మార్చుట కంటె న్యాయమైనది.

విదేశీ పాఠశాల పరీక్షలు ఉత్తీర్ణులై భారతదేశానికి వచ్చేవారికీ ఇదే సమస్య. అంతర్జాతీయ బాకలారియేట్‌లో ఒక్కొక్క విషయానికి 7 వరకు, మొత్తం 45 పాయింట్లు ఉంటాయి. ఇట్టి పరీక్షలకు తుల్యతను నిర్ణయించే పని భారత విశ్వవిద్యాలయాల సంఘం చేస్తూ వచ్చింది.

విద్యార్థి గుర్తుంచుకొనవలసినవి

గ్రేడుతో పాటు మార్కులు గల మూల పత్రాన్ని భద్రపరచుకొనవలెను. గ్రేడ్ల పరిధులను తెలిపే పట్టికను దరఖాస్తుకు జతపరచవలెను. సగటు వ్రాయునపుడు ‘10కి 8.56’ అని కొలతను కూడా పేర్కొనవలెను. ప్రవేశమిచ్చే సంస్థ ఏ పద్ధతి పాటిస్తుందో ముందుగా అడిగి తెలుసుకొనవలెను. కోరనిదే సొంతంగా మార్చిన సగటును వ్రాయరాదు.

అనేక భాషలు, అనేక బోర్డులు గల దేశంలో అందరికీ ఒకే కొలబద్ద ఉండవలెనని లేదు. ఒకరి కొలబద్దను మరొకరు సరిగా చదువగలిగితే చాలు. అప్పుడు ఖరగ్‌పూర్‌లో తెలుగు ప్రథమ భాషగా చదివిన బిడ్డ శ్రమకు విశాఖపట్నంలోను, విదేశంలోను తగిన విలువ లభిస్తుంది.