మొండితనం వేరు, కరుకుతనం వేరు

కిందటేడు విజయవాడలో మా మామయ్యకి ఆపరేషన్ అయ్యాక జ్వరం తగ్గలేదు. ఐసీయూలో చేసిన కల్చర్ రిపోర్టుని మా బావ ఫొటో తీసి నాకు పంపించాడు. పైన క్లెబ్సియెల్లా న్యుమోనియే అని క్రిమి పేరు. కింద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో అక్షరం. ఆర్, ఆర్, ఆర్... చివర్లో ఎక్కడో రెండు ఎస్‌లు. ఎస్ అంటే మందుకి లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని అర్థం. ఇన్ని ఆర్‌లున్నాయంటే ఇదెంత క్రూరమైన క్రిమో అని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మైక్రోబయాలజీ చదివిన మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. "ఒరేయ్, ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచెయ్యదో అంతవరకే ఆ కాగితం చెప్తుంది. క్రిమి ఎంత గట్టిగా కరుస్తుందో చెప్పదు. ఆ జన్యువులు వేరురా" అంది అక్క.

మామయ్య మూడు వారాలకి ఇంటికొచ్చాడు. అక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. దాని వెంటపడి చదివితే తెలిసింది ఇది.

మన భాషలోనే చెప్పుకుందాం. క్లెబ్సియెల్లా క్రోమోజోములో సుమారు 53 లక్షల అక్షరాల డీఎన్ఏ వుంటుంది. అది హార్డ్ డిస్క్ అనుకోండి. దానికి తోడు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ చుట్టలు విడిగా వుంటాయి. ఇవి పెన్ డ్రైవుల్లాంటివి. తమ కాపీని పక్క బాక్టీరియాలోకి పంపించే యంత్రాంగం కూడా చాలా ప్లాస్మిడ్లలోనే వుంటుంది. ఆ పక్కది అదే జాతిది కానక్కర్లేదు.

మందుల్ని ఎదిరించే జన్యువులు ఎక్కువగా ఈ పెన్ డ్రైవుల మీదే తిరుగుతాయి. కార్బపెనెమ్‌లంటే డాక్టర్లు చివరికి దాచుకునే మందులు. వాటిని విరగ్గొట్టే కేపీసీ అనే ఎంజైము 1996లో నార్త్ కరొలైనాలో సేకరించిన క్లెబ్సియెల్లాలో బయటపడింది. అదే పని చేసే ఎన్‌డీఎం-1 2008లో స్వీడన్‌లో ఒక భారతీయ సంతతి రోగిలో దొరికింది. ఆయన అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో వున్నాడు. అంచేత ఈ విషయంలో ఏ దేశమూ ఇంకో దేశం మీద వేలు చూపించే వీల్లేదు.

ఈ ఎంజైములు మందుని విరగ్గొడతాయి, అంతే. మన ఒంటికి నేరుగా హాని చెయ్యవు. ఇలాంటి క్రిమి సాధారణంగా అప్పటికే బలహీనంగా వున్నవాళ్ళనీ, ఒంట్లో గొట్టాలు పెట్టినవాళ్ళనీ పట్టుకుంటుంది. అలాగని తీసిపారేసేది కాదు. 2011లో అమెరికాలోని ఎన్ఐహెచ్ క్లినికల్ సెంటర్లో 18 మందికి ఇది సోకితే 11 మంది పోయారు. వాటిలో 6 మరణాలకి ఈ క్రిమే కారణమని తేల్చారు.

ఇక కరుకుతనం సంగతి. 1980లలో తైవాన్ డాక్టర్లు ఒక వింత గమనించారు. ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళకి కాలేయంలో చీముగడ్డలు వస్తున్నాయి. కొందరికి అది కంటికి పాకి చూపు పోయింది. కారణం క్లెబ్సియెల్లాయే, కానీ ఇంకో రకం. ఆంపిసిలిన్ తప్పిస్తే మామూలు మందులు చాలావాటికి లొంగేది. దీని ఆయుధాలు సుమారు 2,20,000 అక్షరాల వేరే ప్లాస్మిడ్ మీద వున్నాయి. ఆర్ఎంపీఏ అనే జన్యువు క్రిమి చుట్టూ వుండే జిగురు తొడుగుని మందంగా చేస్తుంది, దాంతో తెల్ల రక్తకణాలు దాన్ని మింగలేవు. ల్యాబులో ఆ క్రిమి ముద్దని తీగతో తాకి పైకి లాగితే పాకంలా తీగ సాగుతుంది. ఇంకో జన్యువుల గుంపు ఏరోబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. మన రక్తంలో ప్రోటీన్లు పట్టి వుంచిన ఇనుముని అది లాక్కుంటుంది. ఇనుము లేందే క్రిమి పెరగదు.

అలా చాలాకాలం ఒకటి మొండిది, ఇంకోటి కరుకుది. రెండూ కలవకపోవడానికి కారణాలున్నాయి. మందమైన తొడుగు బయటి ప్లాస్మిడ్లని లోపలికి సులభంగా రానివ్వదు. కరుకు ప్లాస్మిడ్‌కేమో సొంతంగా ప్రయాణించే యంత్రాంగం లేదు, ఇంకో ప్లాస్మిడ్‌ని లిఫ్టు అడగాలి.

2016లో చైనాలోని హాంగ్జౌలో ఒక ఐసీయూలో ఆ లిఫ్టు దొరికిందని తేలింది. శస్త్రచికిత్స జరిగిన అయిదుగురికి న్యుమోనియా వచ్చింది, అయిదుగురూ చనిపోయారు. జన్యువులు చదివితే అది కేపీసీ వున్న మామూలు ఆసుపత్రి క్రిమే. కాకపోతే దానిలో సుమారు 1,70,000 అక్షరాల కరుకు ప్లాస్మిడ్ కొత్తగా వచ్చి చేరింది.

యాంటీబయాటిక్‌కి కరుకుతనంతో పనిలేదు, అది మొండిదాన్ని మిగిల్చి తక్కినవాటిని చంపుతుంది. రెండు పెన్ డ్రైవులూ ఒకే క్రిమిలో వుంటే, మొండితనంతో పాటు కరుకుతనాన్ని కూడా మనమే పెంచి పోషిస్తున్నట్టు. అవసరం లేని ప్రతి కోర్సుకీ ఇదీ ఖరీదు. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హెచ్చరికలో 16 దేశాలు కరుకు క్లెబ్సియెల్లా తమ దగ్గర వుందని చెప్పాయి. భారత్ కూడా వాటిలో వుంది.

అంచేత ఇంటినుంచి కల్చర్ రిపోర్టు వస్తే ఆర్‌లు లెక్కపెట్టి గుండె జారిపోనక్కర్లేదు. ఏ మందు మిగిలిందో, రోగి ఎలా వున్నాడో అడగండి. చీము ఇంకోచోటికి పాకుతోందా అని కూడా అడగండి. ఇండియాలో ఆసుపత్రిలో వుండి వచ్చిన అమ్మానాన్నలని ఇక్కడ చేర్పించాల్సి వస్తే ఆ సంగతి మొదటే చెప్పండి. మా బావకి నేను చెప్పగలిగింది మాత్రం ఒక్కటే: మామయ్య మంచం దగ్గరికి వెళ్ళేముందు, వచ్చాక, చేతులు కడుక్కోమని. పెన్ డ్రైవుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మోసేది చాలాసార్లు మన చేతులే.