మతమనే నూలుపోగు: పొందూరు రాట్నము ప్రక్కన ఒక తాత్త్విక పరిశీలన

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు నూలు వడికే స్త్రీలు ప్రత్తిని మొదట వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పండ్ల మధ్య చిక్కులు విడిపోయి పోచలు చక్కబడతాయి. తరువాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చేసి, రాట్నము మీద పోగు లాగుతారు. నూరవ నంబరు నూలు అక్కడ వింతైన మాట కాదు. ప్రత్తి పోచ ఒక్కొక్కటి సుమారు అంగుళము పొడవే గాని, దానితో వడికిన పోగు గజాల కొద్దీ సాగును. పోగు ఈ కొస నుండి ఆ కొస వరకు సాగిన పోచ అందులో ఒక్కటియు లేదు.

ఈ సంగతిని ఆధారము చేసికొని ఇరువదవ శతాబ్దపు తత్త్వవేత్త లుడ్విగ్ విట్గెన్‌స్టైన్ (1889–1951) ఒక ముఖ్యమైన వాదన చేసెను. అతని మరణానంతరము 1953లో వెలువడిన ‘ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్’ అను గ్రంథములో, ఒక పదము క్రిందికి వచ్చే వస్తువులన్నిటిలో తప్పనిసరిగా ఒకే లక్షణము ఉండనక్కర లేదనియు, ఒక కుటుంబములోని వారి పోలికలవలె లక్షణములు ఒకదానిపై ఒకటి కలసి సాగితే చాలుననియు అతడు చూపెను. దారపు బలము దాని పొడవునా సాగిన ఏదో ఒక పోచలో లేదు, అనేక పోచలు పెనవేసికొనుటలో ఉన్నది. అతడు పొందూరును ఎరుగడు. అయితే పొందూరు స్త్రీలకు ఈ ఉపమానమును ఎవరును విప్పి చెప్పనవసరము లేదు.

‘మతము’ అనగా ఏమి? వేదాంత విద్యార్థులలో అధికులు చెప్పే మొదటి జవాబు ‘దేవుని యందలి విశ్వాసము’. ఈ నిర్వచనముతో పొందూరు విడిచి వంశధార ఒడ్డుకు వెళ్లినచో మనకు చిక్కు వచ్చును. నది దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపములు, చైత్యములు, విహారములు కలవు. 1919లో ఈ స్థలమును మొదట గుర్తించినది ఆ ప్రాంతపు వాడే అయిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. అక్కడ శతాబ్దముల తరబడి నివసించిన భిక్షువులు లోకమును సృజించిన దేవుని ఒప్పుకొనలేదు, నిత్యమైన ఆత్మను కూడ ఒప్పుకొనలేదు. అయినను వారికి శరణము ఉన్నది, నియమము ఉన్నది, సంఘము ఉన్నది, దుఃఖ విమోచన నిరీక్షణ ఉన్నది. తరువాతి కాలములో అదే కొండ మీద తార, మారీచి వంటి దేవతల విగ్రహములు కూడ వెలసినవి. బౌద్ధమను ఒక్క పోగులోనే ఎన్ని పోచలు కలిసినవో గమనించవలెను.

మన భాషలోని ‘మతము’ అను మాటకు మూలార్థము తలంపు, అభిప్రాయము. సమ్మతము, అభిమతము అనునవి దాని బంధువులే. శంకర మతము, మధ్వ మతము అన్నప్పుడు మన పూర్వికులు ఒక ఆచార్యుని సిద్ధాంతమునే ఉద్దేశించిరి. ఆంగ్లేయుల కాలములో ‘రెలిజియన్’ అను మాటకు దీనిని వాడగా, ఆచారము, కులము, దేవాలయము, గ్రంథము, జనాభా లెక్కల గడి అన్నియు దాని మీద పడినవి. మతములను వేరువేరు కట్టడములుగా ఊహించుట ఆధునిక కాలపు అలవాటని విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1960వ దశకపు ఆరంభములో వాదించెను. తెలుగు పదపు చరిత్ర అతని వాదనకు మంచి సాక్ష్యము. ఇక మన సంగతి చూడుడి: ఉపనిషత్తులకు చెందిన ‘వేదాంతము’ అను మాటను తెచ్చి క్రైస్తవ దైవశాస్త్రమునకు పెట్టుకొని, మన విద్యాలయములను వేదాంత కళాశాలలని పిలుచుకొనుచు, ‘వారి’ పదములతో మనకు సంబంధము లేదన్నట్లు ప్రసంగించుచున్నాము!

నిర్వచనమును వెడల్పు చేసి, మనిషిని అంతిమముగా పట్టుకొనునదే అతని మతమని పాల్ టిల్లిక్ వలె చెప్పవచ్చును. అప్పుడు ఖద్దరు కూడ మతము కాగలదు. ఇది హాస్యము కాదు. దేవుడే సత్యమని చెప్పుచు వచ్చిన గాంధీగారు సత్యమే దేవుడను మాటకు చేరుకొన్నానని 1931లో లోజాన్‌లో వివరించెను. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, గాంధీగారితో కలిసి అస్పృశ్యతా నివారణకై పనిచేసెను. గోరా కుమార్తె వివాహములో దేవుని పేరుకు బదులు సత్యమును నిలుపుటకు గాంధీగారు సమ్మతించిరి. ఆయన మరణానంతరము 1948లో ఆ వివాహము సేవాగ్రామములో జరిగెను. ఇంతకంటె వెడల్పైన నిర్వచనము దొరకదు. కాని తాను నాస్తికుడనని స్పష్టముగా చెప్పిన మనిషిని ‘నీవు కూడ మతస్థుడవే’ అనుట అతనిని గౌరవించుట కాదని మా అభిప్రాయము.

కనుక పోగు ఉపమానమే మేలని మాకు తోచుచున్నది. అయితే దాని హద్దును కూడ చెప్పవలెను. ఒక పదము ఎట్లు పనిచేయునో అది చూపును. ఆ పదము క్రిందికి వచ్చిన బోధలలో ఏది సత్యమో అది చెప్పదు. పోలికలున్నంత మాత్రమున ‘అన్ని మతములు ఒక్కటే’ అని తేల్చుట కుదరదు. అన్నదమ్ముల ముక్కు ఒకేలా ఉన్నంతలో వారి ఆస్తి దస్తావేజులు ఒకటి కావు గదా.

జాన్ హిక్ ఈ చోటనే సాహసించెను. 1989లో ప్రచురించిన ‘యాన్ ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ రెలిజియన్’లో మతమను పదమును కుటుంబ పోలికల రీతినే వివరించి, ఆపై ఒక మెట్టు ఎక్కి, మహామతములన్నియు మానవ బుద్ధికి అందని ఒకే పరమ సత్యమునకు వేరువేరు స్పందనలని ప్రతిపాదించెను. ఉదారమైన ప్రతిపాదనే. దాని వెల ఎవరు చెల్లింతురో శ్రీకూర్మములో నిలిచి అడుగుదము. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరి తీర్థులు తూర్పు గాంగుల కాలములో కళింగమున అధికారము నెరపి, కూర్మనాథుని ఆలయము ఎదుట యోగానంద నరసింహునికి గుడి కట్టించినట్లు 1281 నాటి శాసనము తెలుపుచున్నది. ద్వైతి అయిన ఆయనకు విష్ణువే పరతత్త్వము; జీవుడు మోక్షములో సైతము దేవునికి వేరుగానే ఉండును. ‘మీ విష్ణువు పరమ సత్యము కాదు, దానికి ఒక ముఖము మాత్రమే’ అని హిక్ ఆయనతో చెప్పవలసి వచ్చును. శాలిహుండం భిక్షువుతోను, క్రైస్తవునితోను అదే మాట చెప్పవలెను. అందరిని సమానముగా అంగీకరించబోయి అందరిని సమానముగా కాదనవలసి వచ్చినది.

సంఘములలో దీనికి ఎదురుకొసన మరొక అలవాటు కలదు. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, గ్రామదేవత పండుగ, అన్నిటిని ‘విగ్రహారాధన’ అను ఒక్క మాటలో చుట్టివేయుట. ‘అన్నియు ఒక్కటే’ అనువాడును, ‘అన్నియు ఒకే అబద్ధము’ అనువాడును పొరుగువాని మాట వినవలసిన శ్రమను తప్పించుకొనుచున్నారు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ న్యాయస్థానమునకు మాత్రమే చెందినది కాదు. పొరుగువాని విశ్వాసమును వర్ణించునప్పుడు, అతడు విని ‘అవును, నేను నమ్మునది ఇదే’ అనగలుగునట్లు వర్ణించితిమా అని అది మనలను అడుగును.

ఇట్లు వినుటవలన భేదము మాసిపోవునని కొందరు భయపడుదురు. జరుగునది వేరు. క్రీస్తును గూర్చి ‘అవతారము’ అను మాటను మన ప్రసంగములలో విరివిగా వాడుచున్నాము. యోహాను సువార్త మొదటి అధ్యాయపు తెలుగు అనువాదములో ఉన్నది మాత్రము ‘శరీరధారి’ అను మాట. శ్రీకూర్మపు భక్తుడు మొదటి మాట విని, దశావతారములకు ఇంకొకటి చేర్చుకొని, సంతోషముగా తల ఊపును. మధ్వ సంప్రదాయమును కొంచెము ఓపికగా చదివినచో, అవతారముల దేహము పంచభూతాత్మకము కాదనియు, దానికి ప్రాకృతమైన దుఃఖము, మరణము అంటవనియు వారు గట్టిగా బోధించినట్లు తెలియును. దేవుని మహిమను కాపాడుటకే వారు అట్లు చెప్పిరి. ఆదిమ సంఘములో క్రీస్తు దేహము కేవలము కనబడిన రూపమేనని బోధించినవారి ఉద్దేశము కూడ దాదాపు అదే. సంఘము వారిని కాదని పట్టుబట్టినది దప్పిగొన్న, అలసిన, సిలువపై నిజముగా మరణించిన శరీరమును గూర్చియే.